మరకల పేజీ ఇల్లు మారిన మధ్యాహ్నం

ఇంకా రాలేదు. కోడలు మళ్ళీ మీట నొక్కింది, తెర తెల్లబడింది, మధ్యలో చిన్న చక్రం గిరగిరా తిరిగింది, తిరిగి తిరిగి అలసిపోయి ఈ చిరునామాలో ఏమీ దొరకలేదని పాత పాటే పాడింది. ఏమీ దొరకకపోవడమేమిటి, ముప్ఫై ఎనిమిది పేజీలు, నాలుగు వందల ఫోటోలు, లాండ్రీ దుకాణం పనివేళలు, ధరల పట్టిక, అన్నిటినీ మించి మరకల పేజీ, అన్నీ పొద్దుటే తన చేతులతో మోసి కొత్త సర్వర్లో దింపి వచ్చింది కదా. పాత హోస్టింగు కంపెనీ కొట్టు కట్టేస్తున్నామని మూడు నెలల ముందే ఉత్తరం పంపింది, ఇవాళ పన్నెండింటితో గడువు తీరింది, అక్కడ దీపాలు ఆర్పేశారు. కొత్త కంపెనీ తరఫున ఫోన్లో మాట్లాడే అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది, "మేడమ్, మీ సైటు పేరు ఇప్పుడు కొత్త చోటుకి మారిందని లోకమంతా తెలియడానికి టైమ్ పడుతుంది, గంట పట్టొచ్చు, రోజు పట్టొచ్చు, కంగారు పడకండి" అని. కంగారు పడకండి అనడం తేలిక. ఆ అమ్మాయికి అత్తగారు ఉన్నట్టు లేదు.

గోడ గడియారంలో ఒంటిగంటా పది. దుకాణం షట్టరు సగానికి దించి ఉంది, ఆ సందులోంచి వీధిలో నడిచే కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, కాళ్ళను బట్టి మనుషుల్ని పోల్చుకోవచ్చు, ఆ పాలిష్ బూట్లు దంత వైద్యుడివి, ఆ అరిగిన చెప్పులు తాళాలవాడివి. ఆవిరి ఇస్త్రీ యంత్రం చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. భోజనాల తర్వాత లోపలి గదిలో అత్తగారు పడుకున్నారు. సరిగ్గా రెండింటికి లేస్తారు, లేచి మొహం కూడా కడుక్కోకుండా కంప్యూటరు దగ్గరికొచ్చి, బడి నుంచి వచ్చిన పిల్లని అడిగినట్టు, "ఎన్నోది మనం?" అని అడుగుతారు. తొమ్మిదేళ్ళుగా జవాబు ఒకటే. మరకలు వదిలించడం ఎలా అని లోకంలో ఎవరు ఏ మూల వెతికినా మొదట వచ్చేది ఈ దుకాణం పేజీయే. ఒక్కసారి, నాలుగేళ్ళ క్రితం, ఒక సబ్బుల కంపెనీ వచ్చి ముందు కూర్చుంటే వీళ్ళు రెండో స్థానానికి దిగారు, మూడు రోజులే, ఆ మూడు రోజులూ అత్తగారు మంచం దిగలేదు, డాక్టరొచ్చి నాడి చూసి అంతా బాగానే ఉందన్నాడు, అత్తగారు అతన్ని జాలిగా చూసి "నీకేం తెలుసయ్యా" అన్నారు. తమాషాగా చెప్పుకోవడానికే ఇది, అసలు భయం వేరు. ఆ పేజీ చదివి ఎక్కడెక్కడి వాళ్ళో పార్సిళ్ళు పంపుతారు, పెళ్ళి బట్టలు, కోర్టు కోట్లు, చనిపోయిన తండ్రి చొక్కా. ఆ పార్సిళ్ళు ఆగితే ఈ వీధి బట్టలతో ఈ దుకాణం ఆరు నెలలు నడవదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మళ్ళీ నొక్కింది. చక్రం. లోకమంతా తెలియడానికి టైమ్ పడుతుంది, నిజమే, పెళ్ళయిన కొత్తలో తనూ ఇంతే, ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే నోటికి పుట్టింటి చిరునామాయే వచ్చేది, ఒకసారి ఆటోవాడికీ అదే చెప్పి వెళ్ళి పుట్టింటి గుమ్మం ముందు దిగింది, అమ్మ తలుపు తీసి "ఏం జరిగిందే" అని గుండెలు బాదుకుంది, ఏమీ జరగలేదమ్మా, దారి తప్పాను అంతే. తానెక్కడుందో తనకే తెలియడానికి ఏడాది పట్టింది, ఇక సర్వర్లను అనేం లాభం. అయినా తను చేయాల్సినవన్నీ చేసింది. ఏ పేజీ చిరునామా మార్చలేదు, పాత తలుపు తట్టినవాళ్ళు కొత్త గదిలోకే రావాలని ఒక్కొక్కటీ రశీదు పుస్తకం వెనక రాసుకుని టిక్కు పెట్టుకుంది. వెతికే యంత్రాలు లోపలికి రాకూడదనే గడి ఒకటుంటుంది, కొత్త ఇల్లు సర్దేదాకా గొళ్ళెం లాంటిది, అది తీసేసిందో లేదో, గ్యాసు కట్టేశానా లేదా అని మధ్యదారిలోంచి వెనక్కొచ్చి చూసుకునే మనిషి కదా, నాలుగుసార్లు చూసింది. ఫోన్లో అమ్మాయి చెప్పిన చివరి మాట ఒక్కటే పాటించలేదు. "ఒక నెల పాటు పేజీలో ఒక్క అక్షరం మార్చకండి మేడమ్. ఇల్లు మారిందనేది ఒక మార్పు. లోపల మనుషులు కూడా మారిపోతే వెతికే యంత్రం గుర్తుపట్టదు." ఆ మాట వింటూనే "అలాగే అలాగే" అంది. అప్పటికే మార్చేసింది.

మార్చక చేసేదేముంది. పదకొండేళ్ళు. పెళ్ళయి రెండో నెల, అత్తగారు ఒంటివేలితో టకటకమని కంప్యూటర్లో ఏదో కొట్టడం మొదలుపెట్టారు, నాలుగు నెలలు కొట్టారు, కొట్టి పేజీ పెట్టారు, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశారు. మొదటి వాక్యం: ‘రక్తపు మరక మీద మా కోడలు పోసినట్టు వేడినీళ్ళు పోయకండి, మరక ఉడికి బట్టలో కలిసిపోతుంది.’ అది తన గురించే. పెళ్ళయిన మొదటి వారంలో కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుని, ఆ రక్తం దుకాణపు తెల్ల తువ్వాలుకి అంటితే, కొత్త కదా, భయం కదా, మరిగిన నీళ్ళు పోసింది, మరక ఉడికింది, ఆ తువ్వాలుని నాలుగు మడతలు పెట్టి తన పెట్టె అడుగున దాచింది. ఎవరూ చూడలేదనుకుంది. ఈవిడ చూసింది, చూసి ఊరుకోకుండా లోకానికి చెప్పింది! రెండో వాక్యంలో మా కోడలు సిరా మరక మీద మజ్జిగ పోసింది, మూడో వాక్యంలో మా కోడలు ఇస్త్రీ పెట్టె చొక్కా మీద పెట్టి వీధిలో గొడవ చూడ్డానికి వెళ్ళింది. అవేవీ తను చేయలేదు. ఒకటి చేసిందని పది అంటగట్టారన్నమాట. ఆ మూడు వాక్యాల దగ్గర కళ్ళు మూసుకుంది, ఆ తర్వాత పేజీని వెయ్యిసార్లు సర్దింది, బొమ్మలు చేర్చింది, వేగం పెంచింది, చదవడం మాత్రం ఎప్పుడూ చదవలేదు. మొగుడికి చెప్పుకుంటే ఆయన గోడ మీద పిల్లి, ఎటూ దూకడు, "పోనీలే, ఫస్టు వస్తున్నాం కదా" అన్నాడు. అంతకంటే బాధ కౌంటరు దగ్గర. పార్సిలు ఇవ్వడానికొచ్చిన ప్రతి పెద్దమనిషీ కళ్ళజోడు సర్దుకుని, "ఆ కోడలు మీరేనా అమ్మా?" అంటాడు. మొదట్లో నవ్వి ఊరుకునేది, ఒకనాడు నోరు జారి "కాదండీ, పెద్దావిడ, నేను చిన్న కోడలిని" అనేసింది. తన మొగుడు ఇంటికి ఒక్కడే కొడుకు. అయినా ఆ లేని తోడికోడలు ఆ రోజు పుట్టి, ఏటికేడాదీ పెరిగింది, ఆవిడకి చూపు ఆనదని, మనసు మంచిదేనని, ఇప్పుడు వేరు కాపురం పెట్టుకున్నారని జనం అడిగినప్పుడల్లా ఒక్కో ముక్క చేర్చాల్సి వచ్చింది, పోయినేడాది ఒక ముసలాయన ఆ పెద్ద కోడలి కోసం మరకల పొడి డబ్బా బహుమతిగా కూడా ఇచ్చి వెళ్ళాడు.

అందుకే ఇల్లు మారేటప్పుడు విరిగిన కుర్చీ ఒకటి చడీచప్పుడు కాకుండా వదిలేసినట్టు, పొద్దున పేజీని కొత్త చోటికి ఎక్కించే ముందు, ‘మా కోడలు’ అన్నచోటల్లా ‘ఒకావిడ’ అని మార్చమని కంప్యూటరుకి ఒక్క మాట చెప్పింది. నలభై ఒక్క చోట్ల మార్చాను అని అది గర్వంగా చెప్పింది. నలభై ఒకటి! అన్ని తప్పులు చేసిన మనిషిని ఇంట్లో ఎలా ఉండనిచ్చారు? ఒకావిడ వేడినీళ్ళు పోసింది, ఒకావిడ మజ్జిగ పోసింది, ఎంత హాయిగా ఉంది, ఎవరో ఒకావిడ, పాపం, మనకేం తెలుసు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండు కాపీలు దాచుకోమని ఫోన్లో అమ్మాయి చెప్పింది, దాచుకుంది, కానీ లాండ్రీలో పదకొండేళ్ళు పనిచేసిన చెయ్యి, మరక తీయడమంటే బట్టకి రెండు వైపులా తీయడం, లోపలి వైపు ఉంచేస్తే మళ్ళీ పైకి ఊరుతుంది; రెండు కాపీల్లోనూ శుభ్రంగా మార్చేసింది. ఇప్పుడు ‘మా కోడలు’ అనే మాట ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

ఒంటిగంటా ముప్పావు. చక్రం తిరగడం చూడలేక, చేతులూరుకోక, పాత లెక్కల పట్టిక ఒకటి తెరిచింది, జనం వెతుకుడు గడిలో ఏ మాటలు కొట్టి ఈ పేజీకి వస్తున్నారో చూపించే పట్టిక, స్థానం చూసుకోవడమే తప్ప ఇన్నేళ్ళలో దాని మాటల వరస ఎప్పుడూ పట్టించుకోలేదు. మొదటి మాట: కోడలు మజ్జిగ సిరా. రెండోది: ఇస్త్రీ కాల్చిన కోడలు. మూడోది: మా కోడలు వేడినీళ్ళు. తర్వాత అత్తగారు కోడలు మరకలు, తర్వాత కోడలిలా చేయకండి లాండ్రీ. కిందికి, ఇంకా కిందికి, పదింట ఏడు మాటల్లో తనే ఉంది. మరక గురించి లోకంలో పదివేల పేజీలు చెబుతాయి, ఉప్పు వెయ్యి, నిమ్మకాయ పిండు, అందరూ అదే చెబుతారు. జనానికి గుర్తుండిపోయింది కోడలు. ఆ కోడల్ని వెతుక్కుంటూ వస్తున్నారు, తొమ్మిదేళ్ళుగా, పార్సిళ్ళు పట్టుకుని. మొదటి స్థానం ఉప్పుది కాదు, నిమ్మకాయది కాదు, తనది. రేపో ఎల్లుండో వెతికే యంత్రం కొత్తింటికి వచ్చి తలుపు తీసి చూస్తుంది, కోడలేదమ్మా అంటుంది, ఎవరో ఒకావిడ కూర్చుని ఉంటుంది, తప్పు ఇంటికి వచ్చాననుకుని వెళ్ళిపోతుంది, సబ్బుల కంపెనీ వచ్చి ముందు కూర్చుంటుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వెనక్కి మార్చేద్దామని మళ్ళీ కంప్యూటరుకి చెప్పబోయి, ఆగింది. ‘ఒకావిడ’ అన్నచోటల్లా ‘మా కోడలు’ అని పెట్టాలంటే ముందు ఎన్నున్నాయో లెక్క చూడాలి కదా. లెక్క చూసింది. యాభై ఎనిమిది. పెట్టింది నలభై ఒకటి, ఉన్నవి యాభై ఎనిమిది. అంటే పదిహేడు మంది ఒకావిడలు అందులో ముందునుంచీ ఉన్నారు, నిజమైనవాళ్ళు, కస్టమర్లు, ఇరుగుపొరుగు, ఒకావిడ పెళ్ళి కోటు తెచ్చింది, ఒకావిడ ఏడ్చింది. ఇప్పుడు అసలు ఒకావిడ ఎవరో, దొంగ ఒకావిడ ఎవరో పేజీ రాసిన మనిషికి తప్ప తెలీదు. ఆ మనిషి లోపలి గదిలో దగ్గింది. మంచం కిర్రుమంది.

సరిగ్గా అప్పుడే చక్రం ఆగింది, తెర మీద పేజీ విచ్చుకుంది, పైన దుకాణం పేరు, కింద ఇస్త్రీ పెట్టె బొమ్మ, ఇల్లు మారిన ఆనవాలు కూడా లేదు. గంటసేపు దేనికోసం కళ్ళు కాయలు కాచేలా చూసిందో అది వచ్చింది, వచ్చిన మరుక్షణం దాన్ని చెంగుతో కప్పేయాలనిపించింది.

"ఎన్నోది మనం?" అత్తగారు జుట్టు ముడేసుకుంటూ వచ్చి పక్క స్టూలు మీద కూర్చున్నారు.

"మొదటిదే అత్తయ్యా. ఇప్పటికి."

"ఇప్పటికి అంటావేం?" కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగారు. అత్తగారు ఆ పేజీని చదవరు, తడుముతారు, ఏ వాక్యం ఎక్కడుందో ఆవిడ వేలికి తెలుసు. వేలు రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. "ఎవరీ ఒకావిడ?"

"కస్టమరేమో."

"సిరా మీద మజ్జిగ పోసింది కస్టమరా? ఇక్కడ మా కోడలు ఉండాలి. ఇక్కడా ఉండాలి. ఏమైంది దీనికి, మోసేటప్పుడు కిందపడిందా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది, అవునత్తయ్యా, సర్వర్లో పోయింది, కొత్త కంపెనీ వాళ్ళే ఏదో చేశారు అనొచ్చు, పాపం ఆ ఫోన్లో అమ్మాయి మీదికి తోసేయొచ్చు, కానీ పదకొండేళ్ళ ఉక్రోషం అబద్ధాన్ని పక్కకి నెట్టి ముందు బయటపడింది. "నేనే తీసేశాను. చాలత్తయ్యా, ఇంక నా వల్ల కాదు. ఎవరొచ్చినా ఆ కోడలు మీరేనా అంటారు. ఒక్క తువ్వాలు పాడుచేశాను, ఒప్పుకుంటాను. మజ్జిగ నేను పోయలేదు, చొక్కా నేను కాల్చలేదు, అవన్నీ నా నెత్తిన రుద్ది ఊరంతా చాటారు. అందుకే నన్ను నేను తీసేసుకున్నాను."

అత్తగారు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఈసారి తెరని కాకుండా కోడల్ని చూశారు. "నిన్నా? నువ్వెక్కడున్నావ్ ఇందులో?"

"మా కోడలు అంటే..."

"మా కోడలంటే నేను."

షట్టరు కింద ఎవరి కాళ్ళో ఆగి, ఇంకా ఎత్తలేదని చూసి, వెళ్ళిపోయాయి.

"ఇదంతా మా అత్తగారి నోటుబుక్కులో ఉన్నదమ్మా," అన్నారు అత్తగారు. "ఆవిడ కదా ఈ దుకాణం పెట్టింది. మరకలన్నీ, మందులన్నీ, నేను చేసిన వెధవ పనులన్నీ వరసగా రాసుకునేది. నేను మక్కీకి మక్కి దించాను. ఒక్క మాట మారిస్తే మందు పనిచేయదేమోనని భయం."

"మరి వేడినీళ్ళు?"

"నేనే పోశాను. పెళ్ళయిన మూడో రోజు."

"నేనూ పోశానత్తయ్యా. మొదటి వారంలో."

"నువ్వూనా? ఎప్పుడు? నాకు తెలీదే!"

తెలీదట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పదకొండేళ్ళు భుజాలు తడుముకుంది, ఆ తడుముకోవడం ఎవరూ చూడను కూడా చూడలేదట. అత్తా ఒకింటి కోడలే అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది, విన్న సామెత మన ఇంట్లోనే కంప్యూటరు పక్కన స్టూలేసుకుని కూర్చుంటుందని ఎవరు అనుకుంటారు. ఊరట కలగాలి కదా, బరువు దిగాలి కదా, దిగింది, దిగాక లోపల ఏదో వెలితిగా ఉంది. లోకంలో నలుగురూ వెతుక్కుంటూ వచ్చే ఆ కోడలు తను కాదు, మొదటి స్థానం తనది కాదు, తను ఆ పేజీలో ఏ మూలా లేదు. లేని తోడికోడలు ఇన్నేళ్ళూ ఉన్నట్టే, ఉన్న తను లేకుండా పోయింది.

"ఆ నోటుబుక్కు ఉందా అత్తయ్యా? చూసి సరిచేద్దాం."

"ఎక్కడిది. కాపీ చేయడం అయిన సంబరంలో ఏప్రాన్ జేబులో పెట్టుకుని, ఏప్రాన్‌తో సహా మెషీన్లో వేసేశాను. మా అత్తగారు బతికుంటే నలభై ఒకటోది రాసేది." అత్తగారి గొంతులో కోపం అప్పుడొచ్చింది, మెల్లగా మొదలై పైకెక్కింది. "అవి నా తిట్లే అమ్మాయ్. ఇరవై రెండేళ్ళు పడ్డాను. ఒక్కో తిట్టుకీ ఒక్కో మరక వదిలించడం నేర్చుకున్నాను. వాటిని ఎవరో ఒకావిడకి ధారపోస్తావా? జరుగు, కుర్చీ ఇటు లాగు. నేను చెబుతాను, నువ్వు కొట్టు."

అత్తగారు వేలు పెట్టి చూపిస్తున్నారు, కోడలు ఒక్కొక్క చోట చెరిపి కొడుతోంది. "ఇది నేను. ఇదీ నేనే. ఇది నేను కాదు, నిజంగా ఒకావిడే, సంగీతం టీచరు, ఫీజు ఇవ్వకుండా పాట పాడి వెళ్ళింది. కాలర్ కాల్చింది నేను. తుప్పు మరక మీద తుప్పు పట్టిన మేకుతో గీకింది నేను, నవ్వకు, చిన్నదాన్ని. కొవ్వొత్తి మైనం నేను. గుడ్డు సొన నేను. ఈ ఏడ్చినావిడ ఒకావిడ. ఈ ఏడిపించినావిడ మా అత్తగారు, ఆవిడ పేరు ఆవిడ రాసుకోలేదు." ప్రతి తిట్టు దగ్గరా అత్తగారి మొహం వెలుగుతోంది, బడిలో బహుమతులు చదివినట్టు చదువుతున్నారు, గడియారం రెండు దాటింది, షట్టరు ఎత్తాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. కోడలు లెక్క పెట్టుకుంటూనే ఉంది, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. ఇంకొకటి ఉండాలి. పేజీ చివరికంటా వెళ్ళింది, తానెప్పుడూ కళ్ళు పెట్టని చివర.

‘పట్టు మీద నూనె పడితే నీళ్ళు తగలనివ్వకుండా చాక్‌పీసు పొడి అద్ది ఒక రాత్రి వదిలేయమని ఒకావిడ చెప్పింది. నేను నమ్మలేదు, నోరు మూయమన్నాను. తర్వాత చేసి చూశాను. ఆమె చెప్పిందే నిజం.’

"ఇది కూడా మీరేనా అత్తయ్యా?"

"నేనెలా అవుతాను? నా మాట నిజమని మా అత్తగారు చచ్చేదాకా ఒప్పుకోలేదు." అత్తగారు లేచి నిలబడి, నడుం పట్టుకుని, షట్టరు వైపు నడిచారు. "అది నోటుబుక్కులో లేదు. నేనే చేర్చాను, మా కోడలు చెప్పిందని. పదేళ్ళయింది పెట్టి. నువ్వు చదివే ఉంటావనుకున్నాను."

షట్టరు గరగరమంటూ పైకి లేచింది, వీధి వెలుతురు తెర మీద పడి అక్షరాలు సరిగ్గా ఆనలేదు, వెలుతురు వల్లనే అనుకుంది కోడలు. ‘ఒకావిడ’ని చెరిపింది. ‘మా కోడలు’ అని కొట్టబోయి రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టింది.